అచ్చులో వదలని కొసలు

భద్రాంబ గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆమె ముందు చేతికి పని వెతుక్కునేది. కండె చుడుతూనో, చింతపిక్కలు తీస్తూనో జవాబు చెప్పేది. ఒక్కోసారి జవాబు మానేసి, అడిగినవాడికే పని చెప్పేది. నేతపేటలో నలభై ఇళ్లవాళ్లకి ఆమె గురువు. డెబ్భై ఎనిమిదేళ్లు వచ్చినా రోజూ మగ్గం గుంటలోకి దిగేది.

ఆ గురువారం పొద్దున పర్వతాలు వచ్చి ఆమె ముందు కూలబడ్డాడు. అరవై రెండేళ్ల మనిషి, చెయ్యి తిరిగిన నేతగాడు, ఇరవై ఏళ్లుగా ఆమె శిష్యుడు.

“అమ్మా, తొక్కుడు చెక్క నా కాలికి తెలియడం లేదు.”

పది రోజులుగా అరికాళ్లు మొద్దుబారాయి. మగ్గంలో కూర్చుంటే, చెక్క మీద కాలు ఉందో లేదో వంగి చూసుకోవలసి వస్తోంది. ఏడాది కిందటే డాక్టరమ్మ చెప్పింది: షుగరు ముదిరింది, రోజూ నడవాలి, తిండి మార్చాలి, లేదంటే మీ అన్నగారి గతే అని. ఆ అన్నకి మోకాలి కింద కాలు తీసేశారు. అతని మగ్గం గుంట పూడ్చి, దాని మీదే మంచం వేశారు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తే పర్వతాలు తల తిప్పుకుంటాడు.

“నాలుగుసార్లు మొదలుపెట్టానమ్మా. ఒక్కసారీ నాలుగో రోజు దాటలేదు. మనసు నిలిచే ఉపాయం చెప్పండి.”

“మొదలుపెట్టడమంటే ఏం చేశావు?”

“అన్నీ ఒక్కసారే వదిలేశాను. అన్నం, బెల్లం, టీ, బంకు దగ్గర కూర్చోడం, అన్నీ. పాత పర్వతాలు చచ్చాడనుకున్నాను.”

చచ్చినవాడికి వేరే వంట చెయ్యలేక అతని భార్య నాంచారమ్మ చచ్చేది. పొద్దున్నే రాగిజావ, కాకరకాయ రసం, జొన్నరొట్టె. శపథం ఆయనది, చాకిరీ ఆవిడది. నాలుగో రోజుకల్లా ఆయనగారికి నీరసం వచ్చేది, బెల్లం డబ్బా ఎక్కడ దాచావంటూ ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు.

భద్రాంబ గారు లేచింది. “నా మగ్గం మీద నేత అయిపోయింది. కోసి దింపు నాయనా, కొత్త పడుగు పోగులు అతుకుదాం.”

నేతపేటలో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. బట్టని అచ్చుకి, అంటే పోగులు దూర్చే దువ్వెనలాంటి చట్రానికి, ఇవతల నేసేవాడి వైపే కోస్తారు. అచ్చు కన్నాల్లో దూరి ఉన్న పాత పోగుల కొసలు జానెడేసి అలాగే వదిలేస్తారు. ఒక్కో పాత కొసకి ఒక్కో కొత్త పోగుని బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతికితే, పాతది లాగిన కొద్దీ కొత్తది తనే అచ్చులోకి నడిచి వస్తుంది.

పర్వతాలు ధ్యాసంతా కాళ్ల మీదే ఉంది. బొటనవేలు కదులుతోందో లేదో చూసుకుంటూనే కత్తెర పట్టాడు. అచ్చుకి అవతల కోశాడు. కోసి, బట్టని ఇవతలకి లాగేశాడు.

అచ్చు బోసిపోయింది. రెండు వేల పైచిలుకు కన్నాలు, ఒక్కదాంట్లోనూ పోగు లేదు.

భద్రాంబ గారు వంగి చూసింది. “శుభ్రంగా ఉంది. పాతది పేరుకి కూడా మిగల్చలేదు.”

ఇద్దరూ అచ్చుకి చెరోవైపు కూర్చున్నారు. అతను పోగు అందించడం, ఆమె కన్నంలోంచి సన్నని కొక్కెంతో అందుకుని లాగడం. సాయంత్రానికి పావు వంతు కూడా నిండలేదు. అప్పుడు అడిగింది ఆమె: “నలభై ఏళ్లుగా తెల్లారగానే నీ కాళ్లు టీ బంకుకి పోయేవే, ఎవరు పొమ్మంటే పోయేవి?”

“ఎవరూ చెప్పక్కర్లేదమ్మా, వాటంతటవే...” అంటూ ఆగిపోయాడు. బంకు మానేసిన రోజుల్లో తను గడపే దాటలేదు, ఇక నడకెక్కడిది!

మర్నాడు తెల్లారగానే బంకు ముందు నిలబడ్డాడు. బంకు నడిపే సాంబ్రాజ్యం ఊరుకుంటుందా? “ఏం బావా, సన్యాసం పుచ్చుకున్నావన్నారే!”

“పుచ్చుకుని తిరిగిచ్చేశాను. కాలవ వంతెన దాకా పోయొస్తా, టీ పెట్టి ఉంచు. పంచదార వెయ్యకు.”

“దానికి టీ ఎందుకు, వేడినీళ్లు తాగరాదూ? నాకు పాలైనా మిగులుతాయి!”

నవ్వుతూ కదిలాడు. పది అడుగులు వేశాడో లేదో, వెనక నుంచి ఆమె కేక: “బావా, చెప్పు!” ఎడమకాలి చెప్పు జారిపోయి దారిలో పడి ఉంది. కాలికి తెలియనే లేదు. చెప్పు తొడుక్కుని, ప్రతి అడుగుకీ కిందికి చూసుకుంటూ వంతెన దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, చప్పటి టీ తాగాడు, అక్కణ్ణుంచి తిన్నగా గురువు ఇంటికి వచ్చాడు.

ఆమె అప్పటికే అచ్చు ముందు కూర్చుని ఉంది.

“వెళ్లొచ్చానమ్మా. కాలికి ఇంకా ఏమీ తెలియడం లేదు. రేపైనా తెలుస్తుందంటారా?”

ఆమె తల ఎత్తలేదు. ఖాళీ కన్నంలోంచి కొక్కెం ఇవతలకి చాచింది.

“తర్వాతి పోగు అందించు, నాయనా.”