రంగు నాలుక గిలక

అనగనగా ఒక అడవి. అడవిలో వాగు, వాగొడ్డున బత్తాయి చెట్లు, చెట్ల నిండా కోతులు.

వాగు పొంగగానే ఆ కోతులు అవతలి మెట్టకు చేరిపోవాలి. అవి దాటే తీరు చూసి తీరాలి! ఒక కోతి కొమ్మను పట్టుకునేది. దాని నడుం ఇంకొకటి, దాని నడుం మరొకటి పట్టుకుని వంతెన కట్టేవి. పిల్లకోతులు ఆ వీపుల మీదుగా నడిచిపోయేవి. ఈ ఏడు కొమ్మ పట్టుకునే వంతు గిలకది. దాని తమ్ముడు పిసరు మొదటిసారి వంతెన మీద నడవబోతోంది. ఇంకేం, గిలకకి కాలు నేల మీద నిలవలేదు.

అప్పుడే కావయ్య అనే కాకి, వనభోజనాలకొచ్చిన మనుషులు మరచిపోయిన పెద్ద డబ్బా ఒకటి తెచ్చింది. పైన నారింజపండు బొమ్మ, లోపల తియ్యటి పొడి.

"ఒలవడం, గింజలు ఉమ్మడం, ఎందుకర్రా ఈ తిప్పలు? చిటికెడు పొడి నీళ్లలో కలిపితే పండంతా కడుపులోకే! చిటికెడుకి రెండు బత్తాయిలివ్వండి చాలు," అంది కావయ్య.

గిలక తాగి నాలుక చాపింది. నాలుకంతా నారింజ రంగు!

"చూశారా! పండు తింటే ఇంత రంగొచ్చిందా ఎప్పుడైనా? ఎంత రంగో అంత బలం!" అంది గిలక. కోతి బుర్రలు కదా, అన్నీ తలలూపాయి. ఇక రోజూ నాలుకలు చాపి పోల్చుకోవడమే పని. గిలకైతే పళ్లు తినడమే మానేసింది.

ముసలికోతి బొల్లవ్వ మాత్రం గిలకని కేకలేసింది. "బొమ్మ తింటే ఒంటికి పడుతుందటే? ఆ పొడిలో ఉన్నది చక్కెరా, రంగూ. పండులో రసముంది, పీచుంది, చిగుళ్లనీ చేతుల్నీ గట్టిగా ఉంచే సత్తువుంది. ఎప్పుడో సరదాకి తాగు, కాదనను. పండు మానకు."

"ముందు నీ నాలుక చూసుకో అవ్వా, ఎలా పాలిపోయిందో!" అని నవ్వింది గిలక.

కొన్నాళ్లకు దుంప కొరికితే దాని చిగుళ్లలోంచి నెత్తురొచ్చింది. దుంప గట్టిదంది. ఆ తర్వాత కొమ్మ అందక దభీమని పడింది. కొమ్మదే తప్పంది. మూడోసారి నెపం వెయ్యడానికి ఏదీ దొరకలేదు. వంతెన కట్టడం సాధన చేస్తుంటే దాని వేళ్లు సడలిపోయి, కోతులన్నీ బురదలో కుప్పగా పడ్డాయి. బురద ముఖాలు చూసుకుని అందరూ ఒకటే నవ్వు. పిసరు మాత్రం నవ్వలేదు.

"అక్కా, వాగు పొంగాక కూడా ఇలాగే వదిలేస్తావా?" అంది.

గిలక తిన్నగా కాకి దగ్గరికి పరిగెత్తింది. కావయ్య బత్తాయి తొన చప్పరిస్తోంది. దాని రెక్కలు నిగనిగలాడుతున్నాయి.

"కావయ్య మామా, నీ నాలుక చూపించు!"

కాకి చూపించింది. రంగు లేదు, గింగూ లేదు.

"నువ్వు పొడి తాగవా?"

"ఇన్ని పళ్లు ఇంటికొస్తుంటే నాకు పొడెందుకే?" అనేసి, కావయ్య నాలుక కరుచుకుంది.

గిలకకి కోపం కంటే సిగ్గు ఎక్కువేసింది. బొల్లవ్వ పక్కన చేరి, "అవ్వా, ఒక పండు ఒలిచిపెట్టవూ?" అంది. అవ్వ ఒలిచిపెట్టింది. ఆనాటి నుంచి గిలక రోజూ తొనలు పీచుతో సహా నమిలింది. ఆ ఏడు వానలు ఆలస్యం కావడం దాని అదృష్టం.

వాగు పొంగింది. గిలక కొమ్మను గట్టిగా పట్టుకుంది. పిసరు అక్క వీపు మీద కాలు పెట్టబోయి ఆగింది.

"అక్కా, నాలుక చూపించు."

గిలక నాలుక చాపింది. రంగేమీ లేదు.

"అమ్మయ్య!" అని పిసరు గంతులేస్తూ వాగు దాటేసింది.

నీతి: డబ్బా మీది పండు కంటికే, చెట్టు మీది పండు ఒంటికి.