అందరికీ ‘నీకే’ అన్న బంగారు చిలక

అనగనగా, మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు, మణిగిరిని ధవళకేతుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు సుకేతుడు. మంత్రిగారి అమ్మాయి మందారమాలను అతనికే ఇవ్వాలని పెద్దలు మాట కూడా అనుకున్నారు.

ఆ రాజ్యంలో ఒక మంచి అలవాటు ఉండేది. పొయ్యి వెలిగించేముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేది. ఆకలితో గుమ్మంలోకి వచ్చినవాళ్లకి అది. నేర్పింది రాజగురువు కరుణానాథస్వామి. “దేవుణ్ణి వెతుక్కుంటూ ఎక్కడికీ పోకండర్రా, ఆకలేసి ఆయనే మీ గుమ్మంలోకి వస్తాడు” అనేవాడు.

ఒకరోజు స్వామి ఏడు సముద్రాల అవతల పనుందని వెళ్లాడు. ఏడాదైనా రాలేదు. వానలూ రాలేదు. జనానికి గుండె జారిపోయింది. “స్వామి మనల్ని వదిలేశాడు, ఇక మనకెవరు దిక్కు?” అని ఒకటే గోల.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు వక్రదంతుడనే మాంత్రికుడు. “కనబడని గురువెందుకు? కనబడే దేవుణ్ణిస్తా, బంగారం తెండి” అన్నాడు. గాజులు, కడియాలు, ముక్కుపుడకలు కుప్ప పోశారు. అవి కరిగించి చిలకను చేశాడు. ఆ చిలక మాట్లాడింది! అడిగినవాళ్ల మనసులో ఏముంటే అదే పలికేది.

“నా చేను పండుతుందా?”

“పండుతుంది.”

“మా ఆయన మారతాడా?”

“మారతాడు.”

చేను పండిందీ లేదు, ఆయన మారిందీ లేదు. అయినా రాజుతో సహా అందరూ చిలకకే మొక్కారు. పిడికెడు బియ్యం చిలక పళ్లెంలోకి పోయింది. ఆకలిగొన్నవాళ్లు ఉత్త చేతులతో తిరిగిపోయారు.

ఒకనాడు వక్రదంతుడు అందరి ఎదుటా “మందారమాల ఎవరికి?” అని అడిగాడు. “నీకే” అంది చిలక. దేవుడి మాట కాదనేదెవరు? పున్నమికి ముహూర్తం పెట్టేశారు.

“స్వామిని తీసుకురండి. ఇంకెవరు చెప్పినా వీళ్లు వినరు” అని మందారమాల సుకేతుడి ముందు కళ్లనీళ్లు పెట్టుకుంది.

పెద్దన్న చిలకనడిగాడు, “స్వామి కోసం వెళ్లనా?” లోపల బద్ధకం. “వద్దు నాయనా” అంది చిలక. రెండో అన్న అడిగాడు, “వెళ్లనా?” లోపల భయం. “వద్దు నాయనా” అంది చిలక. సుకేతుడు అడగనే లేదు. అటుకులు మూటకట్టుకుని నడిచాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు ఆకలితో సొమ్మసిల్లి ఉంది. అటుకులు దానికి పెట్టాడు. “నా వీపెక్కు బాబూ” అంది తాబేలు. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు, అలా ఏడూ దాటారు. దారిలో తాబేలు చెప్పింది: “ఆ మాంత్రికుడి ప్రాణం చిలక మెడలో ఉంది. ఆ మెడ కత్తికి తెగదు, సుత్తికి విరగదు.”

అవతలి దీవిలో ఘోరమైన కరువు. స్వామి పెద్ద కాగుతో గంజి కాచి పోస్తున్నాడు.

“రండి స్వామీ, మీరు లేక మా బతుకు అల్లకల్లోలమైంది!”

“ఎలా రాను నాయనా? నేనొచ్చేస్తే ఇక్కడ గంజి కాచే దిక్కు ఉండదు.”

సుకేతుడికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. “మరి మేమేం కావాలి?”

స్వామి నవ్వాడు. “నేను పక్కన లేకుండానే ఏడు సముద్రాలు దాటావు కదా. మిగతాది కూడా నువ్వే చక్కబెట్టు.”

దారి పొడుగునా ఆలోచించి, సుకేతుడు తిన్నగా పెళ్లిపందిట్లోకి వచ్చాడు. “వక్రదంతా, ఈసారి ఇద్దరం కలిసి అడుగుదాం” అన్నాడు. మాంత్రికుడు పకపకా నవ్వి చిలకకు కుడిపక్కన నిలబడ్డాడు. సుకేతుడు ఎడమపక్కన నిలబడ్డాడు.

“మందారమాల ఎవరికి?”

చిలక కుడికి తిరిగి “నీకే” అంది. ఎడమకు తిరిగి “నీకే” అంది. కుడికి “నీకే”, ఎడమకు “నీకే”, నీకే, నీకే, నీకే! జనంలో ఎవరో ఫక్కున నవ్వారు. పందిరంతా నవ్వింది. తిరిగి తిరిగి చిలక మెడ పుటుక్కున ఊడిపోయింది. వక్రదంతుడు అక్కడికక్కడే కుప్పకూలాడు.

“గురువు కనబడకపోయేసరికి నా బుద్ధి కూడా కనబడకుండా పోయిందిరా” అని రాజు కొడుకును పట్టుకుని ఏడ్చాడు. ఆ బంగారం అమ్మి ధాన్యం కొన్నారు. అదే పందిట్లో సుకేతుడికీ మందారమాలకూ పెళ్లయింది. మొదటి పంక్తిలో ఆకలిగొన్నవాళ్లు కూర్చున్నారు. రాజే స్వయంగా వడ్డించాడు. తర్వాత ఆ దంపతులు నిండు నూరేళ్లు చల్లగా ఏలారు.

పెళ్లినాడు గురువుగారి పీట ఖాళీగానే ఉంది. దాన్ని చూసి ఈసారి ఎవరూ బెంగపడలేదు. సుకేతుడు దాని ముందు చేతులు జోడించాడు.

“స్వామీ, మీరు నేర్పినదానికి ఒక దండం. మీరు రానందుకు వెయ్యి దండాలు.”