పైడయ్య ఉంచిన నట్టు

అనగనగా అన్నానని మీరు రాజుల కాలం దాకా పోకండి, అంత దూరం అక్కర్లేదు. ఎదురుగా నిలబడి హ్యాండిలు తిప్పితే గాని బస్సు ఇంజను లేవని కాలం. కొండల కింద గెడ్డవలస అని ఒక ఊరు. ఆ ఊరికి ఒకటే బస్సు. ఆ బస్సుకి ఒకటే పని. పొద్దున్న కొండెక్కాలి, సాయంత్రం కొండ దిగాలి.

ఆ బస్సుని కడిగేవాడు పైడయ్య.

అంతకుముందు పైడయ్యది డోలీ మోసే పని. డోలీ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. రోడ్డు లేని రోజుల్లో కొండ మీద ఎవరికైనా జబ్బు చేస్తే, పొడుగాటి కర్రకి దుప్పటిని ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకడూ వెనకొకడూ భుజానికెత్తుకుని కిందికి దించేవారు. ముందు పైడయ్య, వెనక సోములు. ఎన్నేళ్ళు మోశారని అడిగితే ఇద్దరికీ తెలీదు. భుజాల మీద కాయలు చూపించేవారు.

ఆ పనికి ఒక పద్ధతుంది. కర్రని ఒక భుజం మీంచి రెండో భుజానికి మార్చుకోవాలంటే ముందు అడగాలి. "ఉన్నావా?" అని పైడయ్య అడిగేవాడు. "ఉన్నాను" అని వెనకనుంచి సోములు అనేవాడు. బరువు నేను పట్టుకున్నాను, నువ్వు మార్చుకో అని దానర్థం. పక్కన చూస్తే లోయ. ఆ జవాబు చెవిన పడకుండా పైడయ్య ఒక్కనాడు కూడా చెయ్యి వదల్లేదు.

తరవాత రోడ్డు పడింది, బస్సొచ్చింది. పైడయ్య డోలీ కర్రని పట్టుకొచ్చి గెడ్డవలసలో పాక వేసుకుని, దాన్ని చూరులో దోపి, బస్సు కడిగే పనిలో చేరాడు. సోములు కొండ మీదే ఉండిపోయాడు. పైడయ్య బస్సుని గేదెని కడిగినట్టు కడిగేవాడు. వీపు రుద్దేవాడు, పొట్ట రుద్దేవాడు, చెవులున్నట్టే అద్దాల వెనక కూడా రుద్దేవాడు.

"అంత ముద్దేటి మావా దాని మీద?" అని డ్రైవరు జగ్గారావు ఏడిపించేవాడు.

"నా భుజం మీద బరువు దించింది బాబూ అది" అనేవాడు పైడయ్య. 

ఇలా ఉండగా ఒకరోజు బస్సు కొండ దిగుతూ దిగుతూ మొండికేసింది. స్టీరింగు తిరగదు. జగ్గారావు స్టీరింగు చక్రం మీద పడి, పళ్ళు బిగించి, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ ఎలాగో షెడ్డు దాకా తెచ్చాడు. మేస్త్రి నూకరాజు వచ్చి చూశాడు. చక్రం కింద గొట్టంలో, ఇరుసు చుట్టూ ఉండే బుష్షు అరిగి ఇరుక్కుపోయిందన్నాడు. కొత్త బుష్షు నా దగ్గరుంది, గంట పని, కాకపోతే ముందు ఆ చక్రం ఊడాలన్నాడు.

ఊడాలి కదా. అది కొన్ననాడు బిగించిన చక్రం. వానకి తడిసి, చెమటకి తడిసి, ఇరుసుకి తుప్పుతో అతుక్కుపోయింది.

ఆ పూటే కొండమీంచి అల్లం బుట్ట నెత్తిన పెట్టుకుని సోములు ఊరి గురువులమ్మ నడిచి దిగింది. బుట్ట దింపకుండానే పైడయ్యని వెతుక్కుంటూ వచ్చింది.

"అన్నా, నీ సోములుకి కాలు వాచిపోనాది. ఒళ్ళు పెనంలా కాలతన్నాది. ఆస్పత్రికి తేవాల. అందరూ బస్సు కోసం సూస్తన్నారు. బస్సు రాకపోతే డోలీ కట్టమన్నారు."

పైడయ్య ఆమె నెత్తి మీది బుట్ట దించాడు.

"డోలీకి ఇద్దరు కావాల గురువులూ. ఒకడ్ని నాను. రెండోవోడే కదా మంచం మీదున్నాడు" అన్నాడు.

నిజమే. మోసే అలవాటున్నవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. బస్సొచ్చాక కుర్రాళ్ళ భుజాలన్నీ మెత్తబడ్డాయి. ఇక సోములు కిందికి రావాలంటే బస్సే రావాలి. బస్సు వెళ్ళాలంటే చక్రం ఊడాలి.

నూకరాజు చక్రాన్ని ఇరుసుకి పట్టి ఉంచే నట్టు విప్పి జేబులో వేసుకున్నాడు. ముందు జగ్గారావు సీట్లో కూర్చుని, మోకాళ్ళు కిందనుంచి తన్నిపెట్టి, చక్రాన్ని రెండు చేతులా పట్టి లాగాడు. మొహం ఎర్రబడింది, చొక్కా చిరిగింది. చక్రం ససేమిరా అంది.

తరవాత బస్తాలు మోసే గవరయ్యని పిలిచారు. మనిషి దూలంలా ఉంటాడు. వచ్చి, చేతులకి మట్టి రాసుకుని, హుమ్మని లాగాడు. సీటు కిర్రుమంది, బస్సు ఊగింది. చక్రం ససేమిరా అంది.

అప్పుడు నూకరాజు తనే దిగాడు. కిరసనాయిలు పోశాడు, నానబెట్టాడు, ఇరుసు తల మీద చెక్క పెట్టి సుత్తితో కొట్టాడు. చెక్క పగిలింది. ఇంకో చెక్క పెట్టాడు, అదీ పగిలింది. చక్రం అప్పుడూ ససేమిరా అంది.

నూకరాజు చెమట తుడుచుకున్నాడు. "ఇనుం మీద ఇనుంతో కొడితే ఇరుసు తల చితికిపోతాది, నట్టు మళ్ళీ ఎక్కదు. చేవున్న కర్రముక్క కావాల. లేదంటే చక్రాన్ని కోసీడమే. కోస్తే కొత్తది పట్నం నుంచి రావాల. ఎప్పుడొస్తాదో నాకు తెలీదు."

పైడయ్య షెడ్డులోంచి బయటపడ్డాడు. ఇంటికెళ్ళాడు. చూరులోంచి డోలీ కర్ర తీశాడు. ఎంతమందిని మోసిందో ఆ కర్ర. నూనె తాగి, చెమట తాగి, నల్లగా నిగనిగలాడుతోంది. దాన్ని భుజాన వేసుకుని షెడ్డుకొచ్చి రంపం అడిగాడు.

గురువులమ్మ అడ్డం పడింది. "అది కోసీసినావంటే డోలీకేటి కడతావన్నా? బస్సు లెగకపోతే సోములు గతేటి?"

పైడయ్యకి భయం లేదనుకుంటున్నారా. మూరెడు తగ్గితే ఆ కర్ర డోలీకి చాలదనీ, ఎవడో కొత్తవాణ్ణి వెనక పెట్టుకుని మోసే దారి కూడా పోతుందనీ అతనికి తెలుసు. అయినా చివర మూరెడు కోసి మేస్త్రి చేతిలో పెట్టాడు.

నూకరాజు కర్రముక్క అందుకుని, "జగ్గా, నువ్వు కూకుని లాగు. నాను కొడతాను" అన్నాడు. జగ్గారావు మళ్ళీ సీట్లో కూర్చుని, మొహం చక్రానికి ఆనించినంత దగ్గరగా పెట్టి పట్టుకున్నాడు.

"ఆగండి బాబూ" అన్నాడు పైడయ్య. "అది వచ్చీసినప్పుడు ఎక్కడికొస్తాది?"

"ఎక్కడికేటి? నా సేతుల్లోకి" అన్నాడు జగ్గారావు.

"నువ్వు ప్రాణం పెట్టి లాగతన్నావు. అది ఒక్కపాలి వదిలీస్తే సేతుల్లో ఆగుద్దా? నీ మూతి మీదకే గదా వస్తాది. మేస్త్రీ, ఆ నట్టు మళ్ళీ ఎక్కించు. బిగించకు. చివర రెండు మూడు చుట్లు పట్టేలా ఉంచు."

షెడ్డులో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. "బావుందయ్యా. తలుపు తెరవమంటే గడియ పెట్టమన్నట్టుంది" అన్నాడు గవరయ్య.

"నవ్వితే నవ్వండి" అన్నాడు పైడయ్య. "పట్టుకునేవోడు లేకుండా నాను ఎప్పుడూ వదల్లేదు. ఇదీ అంతే."

నూకరాజు నవ్వలేదు. పైడయ్య మొహంలోకి ఒకసారి చూసి, జేబులోంచి నట్టు తీసి, ఇరుసు చివర మూడు చుట్లు ఎక్కించి, దాని మీద కర్రముక్క ఆనించాడు. పైడయ్య వేలితో నట్టుని తాకి, పాత అలవాటు కొద్దీ, "ఉన్నావా?" అన్నాడు.

నట్టు ఏం పలుకుతుంది పాపం. "ఉన్నాను" అన్నాడు నూకరాజు, దాని బదులు తనే.

మొదటి దెబ్బకి ఏమీ కాలేదు. రెండో దెబ్బకి లోపల ఎక్కడో కిర్రుమంది. మూడో దెబ్బకి ఢామ్మని పిడుగు పడినట్టు చప్పుడై, చక్రం ఎగిరి, నట్టుకి కొట్టుకుని, జగ్గారావు ముక్కు ముందు ఆగిపోయింది. వేలెడు దూరం. అంతే.

జగ్గారావు పళ్ళన్నీ ఉన్నాయో లేదో నాలుకతో తడుముకుని చూసుకున్నాడు. ఉన్నాయి. అప్పుడు సీట్లోంచి దిగి వచ్చి పైడయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

బుష్షు మార్చారు, చక్రం బిగించారు, బస్సు కొండెక్కింది. వెనక సీటు మీద సోముల్ని పడుకోబెట్టారు. పైడయ్య అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జ్వరం తీవ్రతకి సోములు కళ్ళు మూతలు పడుతున్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా పైడయ్య వంగి, "ఉన్నావా?" అనేవాడు. "ఉన్నాను" అనేవాడు సోములు. ఒక మలుపులో జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. జవాబు వచ్చేదాకా పైడయ్య అడుగుతూనే ఉన్నాడు. ఆస్పత్రి గుమ్మం దాకా ఆ మాట తెగకుండా తెచ్చాడు.

సోములు బతికాడు. కొంచెం కుంటేవాడు, అంతే. ఆ కుంటి కాలితోనే చాలా ఏళ్ళు తిరిగాడు.

పైడయ్యే ముందు పోయాడు. ఎవరితోనూ సేవ చేయించుకోకుండా, బస్సు కడిగి వచ్చి పడుకుని, పోయాడు. పాడె లేపేటప్పుడు సోములు కుంటుకుంటూ వచ్చి, వద్దన్నా వినకుండా వెనక భుజం పట్టాడు. "నా సోటు వెనకే" అన్నాడు. ముందు జగ్గారావు పట్టాడు. వాగు దాటాక జగ్గారావుకి భుజం లాగింది. మార్చుకోబోయి, ఆగాడు. తల తిప్పకుండా, "ఉన్నావా?" అని అడిగాడు.

సోములు ఏడుస్తున్నాడు. ఏడ్చి, పాడె కర్ర గట్టిగా పట్టుకుని, "ఉన్నాను" అన్నాడు. అప్పుడు మార్చుకున్నాడు జగ్గారావు.

ఆ తరవాత నూకరాజు షెడ్డులో ఏ స్టీరింగు చక్రం ఊడదీసినా ఇరుసు చివర నట్టుని మూడు చుట్లు ఉంచడం ఆచారమైపోయింది. ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళు ఇంకో ఊరికి తీసుకుపోయారు. వాళ్ళ దగ్గర నేర్చినవాళ్ళు ఇంకో ఊరికి. ఆ కర్రముక్క అరిగి అరిగి ఎప్పుడో పోయింది. మాట మాత్రం పోలేదు.

ఇప్పటికీ ఆ కొండదారి వెంట ఏ షెడ్డుకైనా వెళ్ళి చూడండి. పైడయ్య ఎవరయ్యా అని అడిగితే ఒకడు పాతకాలం మేస్త్రి అంటాడు, ఒకడు ఏదో దేవుడంటాడు, ఒకడు నాకేం తెలుసు పొమ్మంటాడు. కానీ మొండికేసిన చక్రం లాగబోయే ముందు, సీట్లో కూర్చున్నవాడు తప్పకుండా అడుగుతాడు.

"పైడయ్యా, ఉన్నావా?"

సుత్తి పట్టుకున్నవాడు నట్టు మీద వేలు పెట్టి చూస్తాడు. చూసి, "ఉన్నాను" అంటాడు. అప్పుడే లాగుతారు.