సుంకమ్మ వడ్డన

బసవలింగానికి ఆ ఏడాది మఠం అన్నసత్రం బాధ్యత దక్కింది, దాంతోపాటు తలనొప్పీ దక్కింది. శ్రీశైలం నడకదారిలో, అడవి మొదలయ్యే చోట ఉంది ఆ సత్రం. శివరాత్రి దగ్గర పడుతోంది. వడ్డన బాగాలేదని ఎవరో యాత్రికుడు గొణిగిన మాట అతని చెవిన పడింది. తప్పు ఎవరిదో తేల్చాలి.

బసవలింగం తెలివైనవాడే. ఆ తెలివి కాస్త ఎక్కువైనప్పుడే చిక్కు. పక్క ఊరి నుంచి ముగ్గురు నమ్మకస్తుల్ని పిలిపించాడు. తన గదిలోనే కడుపారా ఉగ్గాని, బజ్జీలు పెట్టి, యాత్రికుల వేషం వేయించి, రోజుకొకరిని బంతిలో కూర్చోబెట్టాడు. వడ్డించేవాళ్ళ తీరు చూసి వచ్చి చెప్పడమే వాళ్ళ పని.

ముగ్గురూ ఒకటే చెప్పారు. "ఆ ముసలామె ఉందే, సుంకమ్మ, మాకు చిట్టచివర వడ్డించింది. మధ్యలో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర నిలబడిపోతుంది. బంతి ఆలస్యమయ్యేది ఆమె వల్లే."

సుంకమ్మ ఇరవై ఏళ్ళుగా అక్కడ వడ్డిస్తోంది. నా అన్నవాళ్ళు లేరు. ఆ గరిటె తప్ప ఆమెకు వేరే లోకం లేదు.

వేగుల సంగతి సత్రంలో దాగుతుందా? కొత్త ముఖం కనబడితే చాలు, మిగతా వడ్డనవాళ్ళకు చేతులు వణికేవి. పప్పు ఆకులో పడబోయి నేల మీద పడేది. సుంకమ్మ మాత్రం ఎప్పటిలాగే ఉంది. దాంతో బసవలింగానికి మరీ ఒళ్ళు మండింది.

గురువు గురుపాదయ్య స్వామి దగ్గరికి వెళ్ళాడు.

"స్వామీ, సుంకమ్మను మాన్పించేస్తాను. ముగ్గురు చూశారు. ముగ్గురిదీ ఒకటే మాట."

స్వామి మారేడు ఆకులు ఏరుతున్నాడు. తల ఎత్తలేదు.

"నువ్వు చూశావా?"

"నేను కూర్చుంటే అందరూ గుర్తుపట్టరా స్వామీ!"

"కొండ మీది గుడిదాకా నడిచిపో. ఎల్లుండి మధ్యాహ్నానికి తిరిగొచ్చి బంతిలో కూర్చో. ఆ తర్వాత నీ ఇష్టం."

బసవలింగం వారమైనా పాడవని ఎండు జొన్నరొట్టెలు మూట కట్టుకుని బయలుదేరాడు. గుమ్మం దగ్గర స్వామి ఆ మూట అందుకుని విప్పాడు. రొట్టెలు తాను తీసుకుని, ఖాళీ గుడ్డ మడిచి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"దారిలో నీళ్ళున్నాయి" అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి బసవలింగానికి వేషంతో పనే లేకపోయింది. ఒళ్ళంతా దుమ్ము, మాసిన గడ్డం, తలకు ఆ గుడ్డే చుట్టుకున్నాడు. బంతి చివర చోటు దొరికింది. తప్పులన్నీ గుర్తుపెట్టుకోవాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. ఎదుట విస్తరాకు వేసేసరికి అన్నీ మరిచిపోయాడు. ఆ ఆకునే చూస్తూ కూర్చున్నాడు.

వడ్డన అటు చివర మొదలైంది. ఉన్నట్టుండి ఆకులన్నీ దాటుకుని సుంకమ్మ అతని ముందుకొచ్చింది. చేతిలో చెంబెడు పలుచటి ఉప్పు మజ్జిగ.

"ముందు ఇది తాగు నాయనా, మెల్లగా. రెండు దినాల పస్తు కడుపులో వేడి కూడు పడితే పట్టుకుంటాది."

అతను చెంబు అందుకున్నాడు. ఆమె చెంబు కింద తన చేయి ఆనించింది.

"సుంకమ్మా, బంతి ఆగిపోయింది!" వెనక నుంచి ఎవరో అరిచారు. ఆమె వినిపించుకోలేదు. అతను చివరి గుక్క మింగేదాకా అక్కడే నిలబడి, అప్పుడు అన్నం పెట్టింది. బసవలింగం కళ్ళనీళ్ళతోనే తిన్నాడు.

చేతులు కడుక్కునే చోట తలగుడ్డ తీశాడు. "అవ్వా, నన్ను గుర్తుపట్టలేదా?"

"అయ్యో, నువ్వా అయ్యా! మొగాలు చూసే తీరిక యాడిది నాకు? ఆకలిగొన్నోడు ఆకునే చూస్తాడు. తినొచ్చినోడు మనుషుల్ని చూస్తాడు. వాళ్ళకేం తొందర, చివర్న పెడతా."

బసవలింగానికి వేగులకు తాను పెట్టిన ఉగ్గాని గుర్తొచ్చింది. సిగ్గుతో తల వాలిపోయింది.

మర్నాడు వడ్డనవాళ్ళందరినీ పిలిచాడు. "వేగుల్ని పెట్టింది నేను. తప్పు నాది" అన్నాడు. తొలి వడ్డనకు సత్రం పెద్ద మాత్రమే పట్టే ఇత్తడి గరిటె తెచ్చి సుంకమ్మ చేతికిచ్చాడు. "ఎవరికి ముందు పెట్టాలో నువ్వు చెప్పు అవ్వా. మేం నేర్చుకుంటాం."

వంటశాల దద్దరిల్లేలా హరహర మహాదేవ అన్నారు వాళ్ళు. ఆ రోజు ఒక్కరి చేయీ వణకలేదు. "అదిగో, ఆ పెద్దాయనకు ముందు మజ్జిగ!" అని ఒకరినొకరు పిలుచుకుంటూ పోటీలు పడి పరిగెత్తారు. చిందిన పప్పు లేదు, విసుక్కున్న గొంతు లేదు.

గురుపాదయ్య స్వామి కూడా వచ్చి బంతిలో మొదటి ఆకు ముందు కూర్చున్నాడు. నాలుగువైపులా మనుషుల్ని చూస్తూ ఉన్నాడు. సుంకమ్మ ఇత్తడి గరిటెతో వచ్చి, ఆయన ఆకు దాటి ముందుకు పోయింది. బసవలింగం ఆమె వెనక రెండడుగులు వేసి ఆగాడు.

అందరికీ అయ్యాక, చిట్టచివర ఆమె స్వామి దగ్గరికొచ్చింది.

"పొద్దున తిన్నావు గదా సామీ?"

స్వామి పకపకా నవ్వి ఆకు ముందుకు జరిపాడు.

"తిన్నానమ్మా. బసవలింగం రొట్టెలు."