తేనె రంగు రాయిలో అక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగు గట్టున చీమల పుట్ట. ఆ పుట్టలో ఆవగింజ అనే బుల్లి చీమ ఉండేది. ఒక పుట్టలో చీమలన్నీ అక్కచెల్లెళ్ళే కదా! ఆవగింజ అందరికంటే చిన్నది. అందుకని దానికి ఇంటినిండా అక్కలే.

చీమలకొక కట్టుబాటు ఉంది. చనిపోయిన చీమ ఒంటి నుంచి ఒక వాసన వస్తుంది. అది వచ్చాకే మోసుకెళ్ళి దూరంగా దించి వస్తాయి. వాసన రానంతవరకు, కదలకపోయినా సరే, ఆ చీమను వదిలిపోకూడదు.

ఒకరోజు గట్టు విరిగిపడి, మట్టిలోంచి తేనె రంగు రాయి ఒకటి బయటపడింది. ఎండ తగిలి దీపంలా వెలుగుతోంది. ఆవగింజ తొంగి చూసింది. లోపల ఒక చీమ! తల పైకెత్తి, నోట గుడ్డు పట్టుకుని ఉంది.

"అయ్యో అక్కా! ఇందులో ఎలా ఇరుక్కున్నావు?"

ఆవగింజ మీసాలతో రాయిని తట్టింది. అక్క కదల్లేదు. ఇప్పపువ్వు ముక్క తెచ్చి ఆనించి "తినక్కా" అంది. తినలేదు. ఆఖరికి రాయిని కొరికింది. తన నోరే నొప్పి పుట్టింది. అయినా వాసన మాత్రం రాలేదు.

"అయితే బతికే ఉందన్నమాట!" అనుకుని అక్కడే కూర్చుంది.

అటుగా ఉండ దొర్లించుకుంటూ పేడపురుగు మామ వచ్చాడు.

"ఏమే పిల్లా, రాయికి విందు చేస్తున్నావా? నా ఉండలోంచి కాస్త పెట్టి చూడు, లేచి కూర్చుంటుంది!"

"ఛీ, పో మామా! మా అక్క ఇరుక్కుపోయిందంటే నీకు ఎగతాళా?"

మామ ఉండను ఆపి రాయిలోకి చూశాడు. అతని గొంతు మెత్తబడింది.

"ఇది రాయి కాదు తల్లీ. ఎప్పుడో ఒక చెట్టు కార్చిన బంక. ఈ అడవిలో ఏనుగు అడుగు కూడా పడకముందు సంగతి. కారే బంకలో చిక్కుకుంది పాపం, బంకతోపాటే గట్టిపడింది. మీ అక్క ఎప్పుడో వెళ్ళిపోయిందే."

"మరి వాసన రాలేదుగా!"

"బంక అంతా కమ్మేశాక వాసన బయటికెలా వస్తుందే?"

ఆవగింజ రాయిని మరింత గట్టిగా పట్టుకుంది.

ఇంతలో మబ్బు కమ్ముకొచ్చింది. పెద్దక్క పరుగున వచ్చింది.

"ఆవగింజా! వాగు పొంగుతోంది. గుడ్లన్నీ కింది గదిలోనే ఉన్నాయి. పైకి చేర్చాలి, రా!"

"ఈ అక్కను వదిలి ఎలా రాను? కట్టుబాటు ఉంది కదా?"

"ఉంది తల్లీ. కానీ మోయడానికి నోళ్ళు చాలడం లేదు" అంటూనే పెద్దక్క వెనక్కి పరుగెత్తింది.

టప్పున ఒక చినుకు పడింది. ఆవగింజ మరోసారి లోపలికి చూసింది. అక్క వెనక కాళ్ళు బంకలో కూరుకుపోయాయి. అయినా గుడ్డును మాత్రం ఎంత ఎత్తగలదో అంత ఎత్తుకు ఎత్తి పట్టుకుంది.

"నువ్వూ ఈ పని మీదే ఉన్నావా అక్కా?" అంది ఆవగింజ మెల్లగా. "నీ నోట్లో గుడ్డు నాకు అందదు. మా ఇంట్లోవి అందుతాయి. వెళ్ళొస్తానే!"

ఒక్కసారి మీసాలతో రాయిని నిమిరి, పరుగు తీసింది.

కింది గదిలోకి నీళ్ళు వచ్చేశాయి. అక్కలు గుడ్లు మోస్తూనే ఉన్నాయి. ఆవగింజా మోసింది. మూలన ఒక్క గుడ్డు మిగిలింది. అది నోట పట్టుకునేసరికి నీళ్ళు పొట్ట దాకా వచ్చాయి. అచ్చం ఆ అక్కలాగే ఆవగింజ తల పైకెత్తింది. గుడ్డు తడవలేదు. పైనుంచి పెద్దక్క ఒక్క లాగు లాగింది. ఇద్దరూ గట్టెక్కారు.

వాన వెలిశాక ఆవగింజ వెళ్ళి చూసింది. రాయి లేదు. వాగు తీసుకుపోయింది. అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత ఇంటికి వచ్చి గుడ్ల మీది బురద తుడిచింది.

కొన్నాళ్ళకు ఆ చివరి గుడ్డులోంచి ఒక చీమ బయటికొచ్చింది. తడబడుతూ నిలబడి, "అక్కా!" అంది.

ఎవరిని పిలిచిందా అని ఆవగింజ వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

నీతి: వెళ్ళిపోయినవాళ్ళ పక్కనే ఆగిపోవడం కాదు, వాళ్ళు సగంలో వదిలిన పనిని అందుకోవడమే వాళ్ళ మీద మనకున్న ప్రేమ.