ఊపిరి ఆగినచోటల్లా

దామోదరం మాస్టారిని ఏదైనా సందేహం అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు. దగ్గర్లో ఉన్న ఇంకెవరినో పిలిచి మాట్లాడించేవారు. అడిగినవాళ్ళు అది విని గ్రహించుకోవాలి, లేదా వచ్చినదానికంటే ఎక్కువ అయోమయంతో ఇంటికి వెళ్ళాలి. ఒకప్పుడు ఆయన శిష్యురాలై, ఇప్పుడు అదే బడిలో తెలుగు చెబుతున్న ఇందుమతికి మాత్రం ఎప్పుడూ రెండోదే జరిగేది.

ఆ రోజు బడి వదిలాక ఆమె ఏడో తరగతి పరీక్ష కాగితాలు పట్టుకుని వరండాలోకి వచ్చింది. రిటైరైనా సాయంత్రాలు అక్కడే గడిపే మాస్టారు కుర్చీలో ఉన్నారు.

"కామా ఎక్కడ పెట్టాలో ఈ పిల్లలకి ఎలా చెప్పను మాస్టారూ? ఊపిరి తీసుకునే చోట పెట్టమన్నాను. ఒకమ్మాయి మాట మాటకీ పెట్టింది! వెటకారమనుకుని సున్నా వేశాను. ఏడ్చి, రేపట్నుంచి బడికి రానంటోంది."

"ఎవరా పిల్ల?"

ఇందుమతి మెట్లవైపు చూపించింది. పైడితల్లి ఇంకా ఇంటికి వెళ్ళలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాస్టారు ఆమెను పిలిచి, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగారు.

"మా నాయనమ్మ... నిన్న... సంతలో... తప్పిపోయిందండి. అమ్మా... నేనూ... ఊరంతా... వెతికాం."

ప్రతి మాటకీ ఆ పిల్ల ఛాతీ ఎగసిపడుతోంది. ఆ తరగతికి కొత్తగా వచ్చిన ఇందుమతికి పైడితల్లి ఉబ్బసం సంగతి అప్పటిదాకా తెలియదు. ఆమె చెవులు వేడెక్కాయి. పిల్ల వెటకారం చేయలేదు, తను చెప్పింది చెప్పినట్టే చేసింది. మరి ఆ కామాలన్నీ ఒప్పేనా? ఒప్పు కాకపోతే తను నేర్పిందేమిటి?

"రైలు గేటు... దగ్గర... దొరికిందండి," అంది పైడితల్లి.

"హమ్మయ్య!" అంది ఇందుమతి.

"నన్ను చూసి... నువ్వెవరు... అనడిగిందండి."

ఇందుమతి చేతిలో కాగితాలు జారి కింద పడ్డాయి. వాటిని అలాగే వదిలేసి పిల్లను దగ్గరకు తీసుకుంది. "సున్నా వేయడం నాదే తప్పమ్మా. రేపు బడికి రా."

పైడితల్లి కళ్ళు తుడుచుకుంది. "వస్తాను టీచర్. కానీ కామా... ఎక్కడ పెట్టాలండీ?"

ఇందుమతి మాస్టారివైపు చూసింది. ఆయన అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నారు.

"ఈ పిల్ల ఊపిరికోసం అన్నిసార్లు ఆగింది కదా అమ్మాయ్," అన్నారాయన. "సంగతి అర్థమై నువ్వు హమ్మయ్య అన్నది ఎక్కడో, అది ఈ పిల్లకి చెప్పు."