ఏనుగుల సేవ

విరోధి నామ సంవత్సరం శరదృతువులో, రాజధాని శివారు పేటలో ధనగుప్తుడనే పరదేశి వర్తకుడు కోటంత అంగడి కట్టాడు. ఉప్పు నుంచి ఉయ్యాల దాకా అన్నీ ఒకే కప్పు కింద, అదీ సగం ధరకే.

"పేటకంతటికీ నేనొక్కణ్ణే చాలు ప్రభూ," అన్నాడు కొలువులో.

చిన్న కొట్లవాళ్లు మొరపెట్టుకుంటే, రాజుగారు ప్రజాసౌఖ్యం మీద చక్కటి ఉపన్యాసమిచ్చి పంపేశారు. అరటిపళ్ల పోలమ్మకు ఉపన్యాసంతో కడుపు నిండలేదు.

ఆ పేటలో ఒక ఆచారముంది. విజయదశమినాడు దివాణం ఏనుగులు ఊరేగుతూ, తెరిచి ఉన్న ప్రతి కొట్టు దగ్గరా ఆగుతాయి. తిన్నంత తిని కదిలేదాకా వాటిని అదిలించడం రాజద్రోహం. కొట్టుకింత తింటూ పోతే వీధి చివరికి వాటి ఆకలి తీరేది.

ఆ దశమినాడు పోలమ్మ మాట మీద చిన్న కొట్లన్నీ మూతపడ్డాయి. తానే గెలిచాననుకుని ధనగుప్తుడు తలుపులు బార్లా తెరిచాడు. ఆకలి మీదున్న ఏనుగులు తిన్నగా లోపలికే వెళ్లాయి. సాయంత్రానికి బియ్యం, బెల్లం, చెరకు అయిపోయి, కప్పు మాత్రం కొంత మిగిలింది.

"ఇది కుట్ర ప్రభూ," అన్నాడు ధనగుప్తుడు మర్నాడు.

"కుట్రేముంది షావుకారుగారూ," అంది పోలమ్మ. "పేటకంతటికీ తమరొక్కరే చాలన్నారు, మేం తప్పుకున్నాం. అమ్మకమంతా తమరిదై, ఏనుగుల సేవ మాత్రం మాదవుతుందా?"

ఏనుగులది తప్పనడానికి రాజుగారికి నోరు రాలేదు. ముందు ఏనుగు మీద కూర్చున్నది ఆయనే. ధనగుప్తుడు నెల తిరక్కుండా అంగడి ఎత్తేశాడు.

పండగ అమ్మకం పోవడంతో పోలమ్మ ఆ ఏడు కొట్టు మీద కొత్త తాటాకు కప్పించుకోలేక, తుపాను వానల్లో తడుస్తూనే పళ్లు అమ్మింది.